చిన్న రిఫ్రాక్టర్‌కు మౌంట్ కొనేముందు స్టాండు కాళ్ళు చూడు తమ్ముడూ

"80 మి.మీ. రిఫ్రాక్టర్ ట్యూబు ఒకటి చేతికొచ్చింది. పదివేల లోపు మౌంట్ కావాలె. ఈక్వటోరియల్ కొనాల్నా, ఆల్ట్-అజిమత్ కొనాల్నా?" అని మహబూబ్‌నగర్ నుంచి ఒక తమ్ముడు అడిగిండు. రిఫ్రాక్టర్ అంటే ముందు అద్దం ఉండే టెలిస్కోపు, మౌంట్ అంటే దాన్ని స్టాండు మీద పట్టుకుని తిప్పే భాగం. ఆల్ట్-అజిమతే కొను, అంటే ట్యూబును పైకీ కిందికీ, పక్కలకూ తిప్పేది. కానీ నువ్వు అడగని సంగతి ఇంకొకటుంది, డబ్బు పెట్టాల్సింది అసలు అక్కడ. మౌంట్ కింద ఉండే మూడు కాళ్ళ మీద.

నేను నల్గొండ జిల్లాలో లైసెన్సు సర్వేయర్‌ని. ఎత్తులు, కోణాలు కొలిచే ఆటోలెవెల్, థియోడలైట్‌ల స్టాండ్లు మోసి మోసి భుజం కాయలు కాసింది. స్టాండు వెంట్రుకవాసి కదిలితే రీడింగ్ తప్పుతది, రీడింగ్ తప్పితే ఒకరి గట్టు ఇంకొకరి చేన్లకు పోతది. అందుకే ఏ పరికరం చూసినా నా కన్ను ముందు కాళ్ళ మీదికే పోతది.

2020 డిసెంబరు 21 సాయంత్రం గురుడు, శని ఆకాశంలో పక్కపక్కకు వచ్చినయ్. రెండింటి మధ్య దూరం డిగ్రీలో పదోవంతు. 1623 తర్వాత అంత దగ్గరికి రావడం మళ్ళీ అప్పుడే. మా మేనల్లుడు హైదరాబాద్ నుంచి కొత్త 80 మి.మీ. టెలిస్కోపు తెచ్చిండు. దాంతోపాటే డబ్బాలో వచ్చిన చిన్న ఈక్వటోరియల్ మౌంట్, సన్నటి అల్యూమినియం కాళ్ళు. డిండి దారిలో మా బత్తాయి తోట పక్కన, పత్తి ఏరేసిన చెలకలో పెట్టినం. కరోనా రోజులు కదా, మూతికి దస్తీలు కట్టుకుని ఊరోళ్ళు చాలామంది వచ్చిన్రు. నైరుతి మూలకు రెండూ కంటికే కనబడుతున్నయ్. ఎనిమిది కాకముందే దిగిపోతయ్, ఉన్న సమయమంతా గంటన్నర.

మొదట ఒక పిలగాడు కన్ను పెట్టిండు. కనురెప్ప ఐపీస్‌కు, అంటే కన్ను పెట్టి చూసే అద్దానికి, తగిలిందో లేదో బొమ్మంతా ఎగిరింది. ఊపు ఆగేసరికి ఐదారు సెకన్లు, ఆలోపు గాలి ఇంకోసారి కొట్టింది. ఫోకస్ తిప్పితే ఊపు. గ్రహాలు అంచుకు పోయినయని నాబ్ తిప్పితే మళ్ళా ఊపు. వచ్చినోళ్ళు వచ్చినట్టే "గీతలు కనబడ్తున్నయ్" అని పక్కకు జరుగుతున్నరు. మేనల్లుడికి చెమటలు. మా పెద్దమ్మ, ఎనభై దాటిన మనిషి, చేతికట్టె పట్టుకుని వరుస చివర నిలబడే ఉన్నది.

నా కట్టె స్టాండు ఆటోలో ఉంది. దాని మీద పెళ్ళిళ్ళ వీడియోలు తీసేవాళ్ళు కెమెరాను మెల్లగా తిప్పడానికి వాడే ఫ్లూయిడ్ హెడ్ ఎప్పుడూ బిగించే ఉంటది, నా 70 మి.మీ. టెలిస్కోపు పెట్టి చూసేది దాని మీదనే. స్టాండు బోల్టును, హెడ్డును జత కలిపే బుష్ దేవరకొండలో లేత్ మిషన్ దగ్గర చేయించిన. మేనల్లుడి ట్యూబు విప్పి దాని మీదికి ఎక్కించినం. కాళ్ళు బయటికి గుంజకుండ పొట్టిగానే ఉంచి, ఇనుప మొనలను చెలక మట్టిలోకి కాలితో తొక్కి దించిన. ట్యూబును వేలితో కొట్టి చూస్తే బొమ్మ ఒక్కసారి అదిరి నిలబడ్డది.

పెద్దమ్మను స్టూలు మీద కూర్చోబెట్టినం. చాలాసేపు కన్ను తియ్యలేదు. "ఒకదానికి సుట్టూ కడెం తొడిగినట్టున్నది బిడ్డా. ఇంకోదాని పక్కన సన్న సుక్కలు, ఒక్క వరుసల ఉన్నయ్" అన్నది. శని వలయం గురించి గానీ, గురుడి చందమామల గురించి గానీ ఆమెకు ఎవరూ చెప్పలేదు. "శనిదేవుడు గింత సక్కగుంటడా?" అని ఇంకోసారి చూసింది. ట్యూబు అదే, ఐపీస్ అదే, గాలి అదే. మారింది పైన హెడ్డు, కింద కాళ్ళు. ఇది కళ్ళారా చూసినంక నాకు ఎవరూ వేరే మాట చెప్పలేరు.

గట్టిదనం ఎక్కడిది అంటే పైపు లావులోనే చాలా ఉంది. రేకు మందం అంతే ఉంచి పైపు వ్యాసం రెట్టింపు చేస్తే వంగకుండ నిలిచే శక్తి ఎనిమిది రెట్లవుతది. మౌంట్ పేజీలో గేర్ల గురించి, మోటారు గురించి పేరాలు రాస్తరు, కాళ్ళ పైపు ఎంత లావో వెతికినా దొరకది. కట్టె స్టాండుకైతే ఇంకో గుణముంది, వచ్చిన ఊపును తనే మింగేస్తది. ఇప్పుడు సర్వే అంతా టోటల్ స్టేషన్లు, డీజీపీఎస్‌ల లాంటి ఎలక్ట్రానిక్ పరికరాల కాలం. పాత కట్టె స్టాండ్లు హైదరాబాద్‌లో సర్వే పరికరాలు రిపేరు చేసే షాపుల్లో మూలకు పడి ఉంటయ్. అట్లాంటి మంచి వస్తువు పొయ్యిలోకి పోతుంటే నాకు కడుపు మండుతది. దాని నడిమి బోల్టు 5/8 అంగుళాలు, కెమెరా హెడ్లకు, చాలా చిన్న మౌంట్లకు ఉండేది 3/8. లేత్ వాళ్ళకు రెండూ చూపిస్తే బుష్ చేసిస్తరు.

ఈక్వటోరియల్ ఎందుకు వద్దంటున్ననో చెప్తా. దాని ఒక ఇరుసును ధ్రువ నక్షత్రం వైపు పెట్టాలె. మన దగ్గర ధ్రువుడు పదిహేడు డిగ్రీల ఎత్తులోనే ఉంటడు. ఉత్తరాన గుట్టో, పక్కింటి నీళ్ళ ట్యాంకో ఉంటే అయిపాయె. అదీ కాక, లండన్‌లో ఆ ఇరుసు యాభై ఒక్క డిగ్రీలు లేస్తది కాబట్టి ట్యూబుకు ఎదురుబరువు కట్టిన రాడ్ స్టాండుకు దూరంగా ఏటవాలుగా ఉంటది. మన పదిహేడు డిగ్రీలకు అదే రాడ్ దాదాపు నిట్టనిలువుగా వేలాడి ముందు కాలుకు తగులుతది. వీడియోల్లో రివ్యూలు చెప్పేవాళ్ళు ఎక్కువ మంది ఇంగ్లండ్, అమెరికాలో ఉన్నోళ్ళు. వాళ్ళకు ఈ బాధ లేదు, అందుకే చెప్పరు. మనోళ్ళు అవే మాటలు తెలుగులో తిరిగి చెప్తున్నరు, తమ డాబా మీద ఒక్కసారి పెట్టి చూడకుండ. మా పక్కనే రంగాపూర్‌లో ఉస్మానియా వాళ్ళ 48 అంగుళాల టెలిస్కోపుది కూడా ఈక్వటోరియలే కదా అంటరు. అది కాంక్రీటు పునాది మీద శాశ్వతంగా బిగించింది. మనం రోజూ విప్పి బిగించేవాళ్ళం.

"మరి ఆకాశం తిరుగుతది కదా, ఆల్ట్-అజిమత్‌లో రెండు నాబులు తిప్పాలె" అంటరు. గంటకు పదిహేను డిగ్రీలు తిరుగుతది, నిజమే. 60 రెట్లు పెద్దగా చూపే మామూలు ఐపీస్ పెడితే ఒక గ్రహం ఈ అంచు నుంచి ఆ అంచుకు పోవడానికి మూడు నిమిషాల పైనే పడుతది. స్టాండు గట్టిదైతే వేలితో నెట్టుకుంటూ హాయిగా చూడొచ్చు. డబ్బా మీద 675 రెట్లు అని రాసి అమ్మేవాళ్ళను నమ్మకు, 80 మి.మీ. అద్దానికి 160 దాటితే బొమ్మ అలుక్కుపోతది.

ఆల్ట్-అజిమత్‌లోనూ చూసి కొను. రెండు కొమ్ముల నడుమ ట్యూబు కూర్చునే చవక రకం వద్దు. మన అక్షాంశంలో గ్రహాలు నడినెత్తికి వస్తయ్. 2024 డిసెంబరులో గురుడు వృషభంలో ఉన్నప్పుడు అర్ధరాత్రి దాదాపు నెత్తి మీదనే ఉండె. అంత పైకి తిప్పితే కొమ్ముల రకంలో ట్యూబు వెనకభాగం స్టాండుకు తగులుతది, బరువు తప్పి జారుతది. నా ఫ్లూయిడ్ హెడ్ కూడా అరవై డిగ్రీల దాకానే హాయి, పైకి పోతే ట్యూబు వెనక్కి గుంజుతది. ఒకే చెయ్యి ఉండి, ట్యూబును పక్కన పట్టుకునే రకం తీసుకో. ట్యూబును కొంచెం కొంచెం జరిపే స్లో మోషన్ నాబులు తప్పకుండ ఉండాలె. కంపెనీ ఎంత బరువు మోస్తదని రాస్తే అందులో సగమే మోస్తదనుకో. ట్యూబు పొడుగుదైతే ఇంకా తగ్గించు, ఒకే బరువున్నా పొడుగు ట్యూబు ఎక్కువ ఊగుతది.

గెలాక్సీల ఫోటోలు తీద్దామనే ఆశ ఉంటే ఈ బడ్జెట్‌లో వద్దు, ఫోన్‌తో చంద్రుడి ఫోటోలకు ఆల్ట్-అజిమత్ చాలు. ఊరూరా హైమాస్ట్ లైట్లు పెట్టి రాత్రిని పట్టపగలు చేసినంక గెలాక్సీలకైతే ఎట్లాగూ అచ్చంపేట దాటి నల్లమల దిక్కు పోవాల్సిందే.

షాపులో అయినా, పాతది కొన్నా, కాళ్ళు బయటికి గుంజకుండ పొట్టిగానే ఉంచి ట్యూబు ఎక్కించి దూరంగా సెల్ టవర్ మీదికి గురిపెట్టు. వేలితో కొట్టు. రెండు సెకన్లలో బొమ్మ నిలబడితే డబ్బులియ్యి. మూడు దాటితే కాళ్ళ నడుమ రాళ్ళ సంచి వేలాడదీసి ఇంకోసారి కొట్టి చూడు. అప్పుడు కూడా ఆగకపోతే వదిలేసి రా. ట్యూబు బరువు, పొడవు, మౌంట్‌కు బిగించే కింది పట్టీ వెడల్పు నాకు రాసి పంపు, ఏ బుష్ చేయించాల్నో చెప్తా.