పాఠకుల ప్రశ్నలు: సభలో ఓటు తప్పుగా పడితే?

ప్రశ్న: ఉపరాష్ట్రపతి ఎన్నికలో 15 మంది ఎంపీల ఓట్లు చెల్లలేదట. ఊళ్లో చదువురాని ముసలమ్మ కూడా ఓటు పాడుచేసుకోదు. వీళ్లకు ఓటెయ్యడం రాదా, కావాలనే చేశారా? ఇలాంటివాళ్లను ఏం నమ్మి పంపాలి?
– పాఠకురాలు, ఎంవీపీ కాలనీ

జవాబు: మీ కోపం న్యాయమైనదే. 2025 సెప్టెంబరు 9న 767 ఓట్లు పోలైతే 752 చెల్లాయి. రాధాకృష్ణన్‌కు 452, జస్టిస్ సుదర్శన్‌రెడ్డికి 300 వచ్చాయి. 2022లో కూడా 725 ఓట్లలో 15 చెల్లలేదు.

ఇక్కడ ఈవీఎం ఉండదు, కాగితమే. అక్కడిచ్చిన పెన్నుతోనే పేరు ఎదురుగా అంకె వెయ్యాలి. 1 అని వేసినా, రోమన్ అంకె వేసినా, మన తెలుగు ౧ వేసినా చెల్లుతుంది. ‘ఒకటి’ అని అక్షరాల్లో రాస్తే మాత్రం కుదరదు. టిక్కు పెట్టినా, ఇద్దరికీ 1 వేసినా, 1 వదిలేసి 2 మాత్రమే వేసినా, ఓటరెవరో తెలిసేలా సంతకం చేసినా ఓటు పోయినట్టే. ఇది రహస్య ఓటు. ఇలాగే ఓటెయ్యాలని పార్టీ ఇచ్చే ఆదేశం, అంటే విప్, ఇక్కడ ఉండదు. కాబట్టి పొరపాటు ఏదో, కావాలని చేసింది ఏదో బయటివాళ్లు తేల్చలేరు. మాకు ఇబ్బందిగా అనిపించేదీ అదే.

ఉత్తరాంధ్ర ఉపాధ్యాయ, పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికల్లో ఓటున్నవాళ్లు కూడా ఈ నియమాలు గుర్తుపెట్టుకోండి. అక్కడా 1, 2 అంటూ ఇష్టాన్ని వరుసగా అంకెల్లో చెప్పే ప్రాధాన్యత ఓటే. టిక్కు పెట్టి వచ్చేస్తే లెక్కలోకి రాదు.

ప్రశ్న: లోక్‌సభలో బటన్ తప్పు నొక్కితే దిద్దుకోవచ్చా? విప్‌కు వ్యతిరేకంగా పడితే పదవి పోతుందా?
– పాఠకుడు, గాజువాక

జవాబు: దిద్దుకోవచ్చు, కానీ వ్యవధి చాలా తక్కువ. యంత్రం పనిచేసే తీరు తెలిస్తే తప్పు ఎక్కడ జరుగుతుందో అర్థమవుతుంది. డివిజన్, అంటే ఎవరు ఎటు అన్నది ఓట్లు వేయించి లెక్కించడం, అడగ్గానే గంటలు మోగుతాయి, ఆ తర్వాత తలుపులు మూస్తారు. సభ్యుడు తనకు కేటాయించిన సీట్లోనే కూర్చోవాలి. మొదటి గంట మోగగానే ఓటు బటన్‌ను ఒక చేత్తో, రంగు బటన్‌ను ఇంకో చేత్తో నొక్కాలి. ఆకుపచ్చ అయితే అవును, ఎరుపు అయితే కాదు, పసుపు అయితే తటస్థం. పది సెకన్ల తర్వాత రెండో గంట మోగేదాకా రెండింటినీ కలిపే నొక్కి పట్టుకోవాలి. ఒక వేలు ముందే లేచిందా, ఓటు నమోదు కాదు. మాటల్లో పడి పక్క సీట్లో కూర్చుంటే ఓటు వేరే పేరు మీద పడే ప్రమాదం ఉంది.

తప్పు నొక్కానని గ్రహించిన సభ్యుడు ఫలితం ప్రకటించేలోపే స్పీకర్‌కు చెప్పాలి. యంత్రంలో నమోదు కానివాళ్లు చీటీ మీద రాసి ఇస్తారు. 2024 డిసెంబరు 17న జమిలి ఎన్నికల బిల్లు ప్రవేశపెట్టినప్పుడు బోర్డు మీద మొదట 220–149 కనిపించింది. చీటీలు కలిపాక 269–198 అయింది. బోర్డు మీది మొదటి అంకెను ఫోటో తీసి పంచుకునేవాళ్లు ఈ తేడా గమనించాలి.

ఫలితం ప్రకటించాక అయితే పొరపాటు రుజువైనా అంతే సంగతులు. స్పెయిన్‌లో 2022 ఫిబ్రవరి 3న కార్మిక చట్టం 175–174తో నెగ్గింది. ప్రతిపక్షానికి చెందిన అల్బెర్టో కసేరో ఇంటి నుంచి ఆన్‌లైన్లో వేసిన ఓటు తప్పుగా పడింది. మళ్లీ వేస్తానన్నా సభ ఒప్పుకోలేదు. కఠినమే అయినా మాకు ఇదే సరైనదనిపిస్తుంది. ఫలితం తెలిశాక ఓటు మార్చుకోనిస్తే రాత్రికి రాత్రి ఎంతమందికి ‘పొరపాట్లు’ గుర్తొస్తాయో! ఒక్క ఓటు విలువ ఎంతో చూడండి: మన దగ్గర 1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయి ప్రభుత్వం 269–270తో, ఒక్క ఓటు తేడాతో పడిపోయింది.

ఇక విప్ సంగతి. 1985లో రాజ్యాంగంలో చేర్చిన పదో షెడ్యూల్ (ఫిరాయింపుల నిరోధక చట్టం) ప్రకారం ముందస్తు అనుమతి లేకుండా విప్‌కు వ్యతిరేకంగా ఓటేస్తే సభ్యత్వం పోవచ్చు. అయితే 15 రోజుల్లోగా పార్టీ ఆ తప్పును మన్నిస్తే వేటు పడదు. నిజంగా వేలు తప్పినవాడికి ఉన్న దారి ఇదే.

ప్రశ్న: మా ఎంపీ ఏ బిల్లుకు ఎటు ఓటేశారో చూసే మార్గముందా?
– పాఠకుడు, పెందుర్తి

జవాబు: డివిజన్ జరిగితే ఉంది. పార్లమెంటు (సంసద్) వెబ్‌సైట్‌లో ఆ తేదీ లోక్‌సభ చర్చల పాఠం తెరిస్తే అనుకూలం, వ్యతిరేకం అంటూ పేర్ల జాబితా ఉంటుంది. అసెంబ్లీ విషయమైతే సమాచార హక్కు కింద పది రూపాయల రుసుముతో అసెంబ్లీ సచివాలయంలోని పౌర సమాచార అధికారికి దరఖాస్తు పెట్టండి. బిల్లు పేరు, తేదీ రాసి ఆనాటి కార్యవాహి ప్రతి అడగండి. జవాబుకు గడువు 30 రోజులు.

సభ్యులు నోటితో ‘అవును’, ‘కాదు’ అని చెప్పే మూజువాణి ఓటైతే ఏ జాబితా ఉండదు. మన రాష్ట్రాన్ని రెండు చేసిన బిల్లు 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభలో అలాగే నెగ్గింది. ఏ ఎంపీ ‘అవును’ అన్నారో, ఏ ఎంపీ ‘కాదు’ అన్నారో పేరుపేరునా నమోదు కాలేదు. తప్పు ఓటు కంటే మమ్మల్ని ఎక్కువ బాధపెట్టేది ఈ పేరులేని ఓటు. తప్పు ఓటు వేసినవాణ్ణి కనీసం నిలదీయొచ్చు. సభ్యుడు ‘డివిజన్’ అని పట్టుబడితే ఓట్లు నమోదు చేయించవచ్చు. అది అనవసరమని స్పీకర్‌కు తోస్తే సభ్యులను నిలబెట్టి తలలు లెక్కిస్తారు, అప్పుడూ పేర్లు రాయరు. అందుకే మీ ఎంపీకి ఉత్తరం రాసేటప్పుడు ‘ఎటు ఓటేశారు’ అని అడిగి ఊరుకోకండి, ‘డివిజన్ అడిగారా’ అని కూడా రాయండి.