సోలార్ ప్యానెళ్ళు పనిచేస్తున్నాయా? మిట్టమధ్యాహ్నం మేడ ఎక్కి చూడు

తమ్ముడూ, బెంగళూరు రామమూర్తినగర్‌లో పాత ఇల్లు కొన్నానని, మేడ మీద 3 కిలోవాట్ల సోలార్ ఉన్నా కరెంటు బిల్లు తగ్గడం లేదని, ప్యానెళ్ళు పాడయ్యాయేమో ఎలా తెలుసుకోవాలని అడిగావు. వయసులో చిన్నవాడివి కనుక నువ్వు అనే అంటున్నాను. నేను 1998లో హిందూపురం నుంచి బెంగళూరు వచ్చాను. దూరం వంద కిలోమీటర్లే అయినా ప్రవాసం ప్రవాసమే. ఇక్కడి కరెంటు బిల్లు కన్నడ లిపి మనకు దగ్గరిదే కనుక కూడబలుక్కుని చదవచ్చు. దాని అర్థం మాత్రం నాకు డబ్బు పోయాకే తెలిసింది.

2017లో ముప్పై బై నలభై సైటులో ఇల్లు కట్టుకుని, నీకున్నట్టే 3 కిలోవాట్లు పెట్టించాను. ప్యానెళ్ళు బిగించారు కానీ, పాత మీటరు తీసి నెట్ మీటరు, అంటే వచ్చే కరెంటునూ పోయే కరెంటునూ విడివిడిగా లెక్కించే మీటరు, ఇంకా పెట్టలేదు. అంతవరకూ ఆన్ చేయవద్దని బిగించిన కుర్రవాడు మరీ మరీ చెప్పాడు. మేడ మీద అంత ఎండ ఊరికే పోతుంటే నా ప్రాణం ఊరుకోలేదు. అతను మెట్లు దిగి వెళ్ళగానే స్విచ్చి వేశాను. ఆ నెల బిల్లు తగ్గకపోగా పెరిగింది! పాత మీటరుకు కరెంటు వస్తోందో పోతోందో తేడా తెలియదు, రెండింటినీ వాడకం కిందే రాసుకుంది. నేను తయారుచేసి బయటికి పంపిన కరెంటుకు నేనే డబ్బు కట్టానన్నమాట. కాబట్టి ముందు నీ మీటరు రెండు వైపులా లెక్కించేదో కాదో చూడు. ఇల్లు చేతులు మారింది కనుక సోలార్ ఒప్పందం ఎవరి పేరున ఉందో ఇక్కడి కరెంటు సంస్థ బెస్కాంలో అడుగు. ఆ నిబంధనలు వాళ్ళ దగ్గరే దొరుకుతాయి, నేను చెప్పనక్కరలేదు.

రెండో తెలివితక్కువ పని ఇంకా సిగ్గుచేటు. నెట్ మీటరు వచ్చాక ఒక ఆదివారం లెక్క చూశాను. ఇన్వర్టరు, అదే ప్యానెళ్ళ కరెంటును ఇంట్లో వాడే కరెంటుగా మార్చే పెట్టె, 11 యూనిట్లు తయారైనట్టు చూపిస్తోంది, మీటరులో బయటికి పోయినవి 6 మాత్రమే. ఐదు యూనిట్లు ఎవరో మింగేశారని బిగించినవాళ్ళకు ఫోను చేసి పావుగంట కేకలు వేశాను. అవతలి మనిషి ఓపిగ్గా విని, ‘సార్, పగలు మీ ఇంట్లో ఫ్రిజ్జు, మోటారు, వాషింగ్ మెషీన్ నడవలేదా?’ అన్నాడు. ఆ ఐదు యూనిట్లనూ మింగింది మేమే. మీటరు ఎగుమతి అంకె మిగులు మాత్రమే, మొత్తం ఉత్పత్తి ఇన్వర్టరులో ఉంటుంది. ఇంకో మాట, బిల్లు సున్నా కావాలని ఎదురుచూడకు, ఫిక్స్‌డ్ చార్జీ ఎలాగూ ఉంటుంది.

అసలు దెబ్బ మరుసటి ఏడాది తగిలింది. మే నెలలో ఉరుములతో వాన పడిన రాత్రి ఇన్వర్టరు పక్క డబ్బాలో ఎంసీబీ, అంటే తేడా వస్తే తనంతట తానే కరెంటు ఆపేసే స్విచ్చి, పడిపోయింది. మాకెవరికీ తెలియదు. నేను ఆఫీసు నుంచి రాత్రి ఎనిమిదికి వచ్చేవాణ్ణి. మెట్లగదిలో ఇన్వర్టరు చీకటిగా ఉంటే, సూర్యుడు లేడు కదా, నిద్రపోతోంది అనుకునేవాణ్ణి. బిల్లు పెరిగితే మబ్బుల మీదికి నెట్టాను. సెప్టెంబరు చివర అమ్మ వచ్చి, ఊరి నుంచి తెచ్చిన ఎండుమిరపకాయలు ఎండలో వేద్దామని పట్టపగలు మేడ ఎక్కింది. దిగివచ్చి, ‘ఒరేయ్, ఆ పెట్టెలో ఎర్ర దీపం వెలుగుతోంది, అది అలాగే వెలగాలా?’ అంది. నాలుగు నెలలు! మబ్బు రోజులు కలుపుకుని రోజుకు 9 యూనిట్ల చొప్పున వెయ్యికి పైగా యూనిట్లు, యూనిట్ ఏడు రూపాయలు వేసుకున్నా ఏడు వేలకు పైగా గంగలో కలిశాయి. ఒక్క పుల్ల పైకి ఎత్తితే అయిపోయే పని అది. ఇప్పటికీ ఆ మెట్లగది దాటుతుంటే కడుపు తరుక్కుపోతుంది.

అందుకే చెబుతున్నాను, సెలవురోజు పన్నెండు, ఒంటిగంట మధ్య వెళ్ళి చూడు. తేటగా ఉన్న ఎండలో నీ ఇన్వర్టరు రెండు కిలోవాట్లకు అటూ ఇటూ చూపాలి. మూడు చూపలేదని కేకలు వేయకు, ఆ మూడు అనేది ప్యానెల్‌ను 25 డిగ్రీల దగ్గర ఉంచి కొలిచిన లెక్క. మన మేడ మీద అది అట్లపెనంలా కాలుతుంటుంది, కాలేకొద్దీ ఉత్పత్తి తగ్గుతుంది. రోజు మొత్తానికి కిలోవాటుకు నాలుగు యూనిట్లు, అంటే నీకు 12 దాకా రావాలి. ఫిబ్రవరి, మార్చిలో ఇంకాస్త ఎక్కువ, జూలై మబ్బుల్లో సగం వచ్చినా తప్పుపట్టకు.

ఎండాకాలంలోనూ సగమే వస్తుంటే నీడను అనుమానించు. పాత ఇల్లు అన్నావు, ప్యానెళ్ళు పెట్టాక పక్కవాళ్ళు ఇంకో అంతస్తు లేపలేదు కదా? ప్యానెళ్ళు ఒకదాని వెనుక ఒకటి కలిపి ఉంటాయి, ఒకదాని మీద కొబ్బరిమట్ట నీడ పడినా మిగతావాటి పని కూడా కుంటుపడవచ్చు. తొమ్మిదికి, పన్నెండుకు, మూడింటికి నీడ ఎక్కడ ఉందో చూడు. తరువాత దుమ్ము. చుట్టూ ఎప్పుడూ ఏదో ఒక ఇల్లు కడుతూనే ఉంటారు కనుక ఇక్కడ దానికి కొదవలేదు. పొద్దున్నే, గాజు చల్లగా ఉన్నప్పుడు మెత్తని గుడ్డతో కడుగు. నేను బోరు నీళ్ళతో మిట్టమధ్యాహ్నం కడిగి తెల్లటి మరకలు తెచ్చిపెట్టుకున్నాను, వేడి గాజు పగలకపోవడం నా అదృష్టం.

కరెంటు పోయినప్పుడు ప్యానెళ్ళు కూడా ఆగిపోతే కంగారుపడకు. బ్యాటరీ లేని వ్యవస్థ అలాగే ఆగాలి, లేకపోతే స్తంభం మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణానికి ముప్పు. ప్యానెళ్ళ నుంచి దిగే వైర్ల జోలికి మాత్రం వెళ్ళకు, ఎండ ఉన్నంతసేపూ వాటిలో కరెంటు ఉంటుంది. అది మెకానిక్ పని. అతను బాగుచేశానన్న రోజే డబ్బంతా చేతిలో పెట్టకు, మర్నాటి అంకె చూసి ఇవ్వు.

కొత్తగా పెట్టించుకునేవాళ్ళకు 2024లో మొదలైన కేంద్ర ప్రభుత్వ పథకం పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లకు 78,000 సబ్సిడీ ఇస్తున్నారు. నా కాలంలో ఆ పథకం లేదు. సరే, ఆ బాధ ఇప్పుడెందుకు.

రోజూ సూర్యాస్తమయానికి ముందు ఇన్వర్టరులో ఆనాటి యూనిట్లు చూసి రాసిపెట్టు. ఆలస్యమైతే తెర ఆరిపోతుంది. నెల రోజుల అంకెలు నాకు పంపితే ప్యానెళ్ళ సంగతి నేనే చెబుతాను. దానికోసం డైరీ కొనకు, ఇరవై రూపాయల నోటుపుస్తకం చాలు.