సింగపూర్‌లో ఒక్కరోజు తక్కువ ఖర్చుతో తిరగాలంటే ముందు మధ్యాహ్నం సంగతి తేల్చుకోండి

విజయనగరం నుంచి నలుగురు స్నేహితులం వెళ్తున్నాం, చేతిలో ఒక్క రోజే ఉంది, టికెట్లకే డబ్బులు అయిపోయాయి, ఇంకేం చూడగలం అని అడిగారు కదా. మాది శ్రీకాకుళం. విశాఖ నుంచి నేరుగా విమానం ఉంది కదా అని మేమూ ఇలాగే బ్యాచ్‌గా వెళ్లొచ్చాం. ఒక్క మాట చెప్తాను, అక్కడ చూడ్డానికి పెద్దగా ఖర్చవ్వదు. డబ్బులు పోయేది మధ్యాహ్నం పూటే. పన్నెండు దాటేసరికి చొక్కాలు తడిసిపోయి, కాళ్లు పీకుతూ, ఒకడు టాక్సీ అంటాడు, ఇంకొకడు మాల్‌లో కూర్చుని కాఫీ తాగుదాం అంటాడు, ఇక బడ్జెట్ గోవిందా. ఆ మూడు నాలుగు గంటలు ఎక్కడ గడపాలో ముందే అనుకుంటే మిగతాదంతా దానంతట అదే సర్దుకుంటుంది.

బయల్దేరే ముందు మూడు పనులు. మనకి వీసా కావాలి, గుర్తింపు ఉన్న ఏజెంటు ద్వారా తీసుకోవాలి, ప్రభుత్వ ఫీజు 30 సింగపూర్ డాలర్లు, ఆపైన ఏజెంటు కమీషన్. రెండోది ఎస్‌జీ అరైవల్ కార్డు, అంటే సింగపూర్‌లో దిగేవాళ్లు మన వివరాలు ఇచ్చే ఫారం, దిగే ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో నింపాలి. అది పూర్తిగా ఉచితం. దానికీ డబ్బులు గుంజే వెబ్‌సైట్లు ఉన్నాయి, మాలో ఒకడి దగ్గర ఒకరు వసూలు చేశారు కూడా, అందుకే ఇమిగ్రేషన్ వాళ్ల సొంత సైట్లోనే నింపండి. మూడోది, బ్యాంకు యాప్‌లో మీ కార్డుకి ఇంటర్నేషనల్ వాడకం ఆన్ చేసుకోండి, ఎందుకంటే మెట్రోలో ఆ కార్డే టికెట్, గేటు దగ్గర తాకిస్తే చాలు. కాకపోతే మనిషికో కార్డు ఉండాలి, ఒకే కార్డు మీద నలుగురూ వెళ్లడం కుదరదు.

పొద్దున్నే లిటిల్ ఇండియా స్టేషన్‌లో దిగండి. పక్కనే టెక్కా సెంటర్, కింద కూరగాయలు, చేపల మార్కెట్, అక్కడే తిండి కొట్లు. దోసె, టీ కలిపి ఐదారు డాలర్లలో కడుపు నిండుతుంది. డాలరు డెబ్బై రూపాయలకి అటూ ఇటూ అనుకోండి, కానీ ప్రతి ముద్దకీ లెక్క కట్టుకుంటూ కూర్చుంటే మాత్రం తిండి సయించదు. శనివారం నాన్‌వెజ్ ముట్టని వాళ్లు ఎవరైనా ఉంటే ఇక్కడే గట్టిగా తినెయ్యమనండి, తర్వాత వెళ్లే చోట వాళ్లకి కష్టం. తినేశాక సెరంగూన్ రోడ్డు పట్టుకుని నడిస్తే శ్రీనివాస పెరుమాళ్ గుడి వస్తుంది, పెరుమాళ్ అంటే మన వెంకన్నే. మధ్యాహ్నం తలుపులు వేసేస్తారు కాబట్టి పొద్దున్నే దర్శనం చేసుకోవాలి.

మళ్లీ లిటిల్ ఇండియాకి వచ్చి డౌన్‌టౌన్ లైన్ ఎక్కితే మూడో స్టేషన్ బొటానిక్ గార్డెన్స్. 1859 నాటి తోట, 2015లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు, టికెట్ లేదు. లోపల ఆర్కిడ్ల తోటకి మాత్రం డబ్బులు కట్టాలి, మేము కట్టలేదు, బయట ఉన్న చెట్లే సరిపోయాయి. రబ్బరు చెట్టుని చంపకుండా పాలు తీసే పద్ధతిని రిడ్లీ అనే ఆయన ఈ తోటలోనే రుజువు చేశాడట. మాలో పలాస వాడికి జీడితోట ఉంది, వాడికి ఆ రబ్బరు కథ తప్ప సింగపూర్‌లో ఇంకేదీ పట్టలేదు. పదకొండు దాటాక అక్కడ ఉండకండి, ఆ ఉక్కపోత మే నెలలో వాన ముందు మన విశాఖ ఎలా ఉంటుందో అలా ఉంటుంది.

ఇక అసలు మధ్యాహ్నం. అదే లైన్లో, రైలు మారకుండా చైనాటౌన్‌లో దిగి మాక్స్‌వెల్ ఫుడ్ సెంటర్‌కి నడవండి. పైకప్పు కింద వరసగా చిన్న చిన్న కొట్లు, చికెన్ రైస్ లాంటివి ఐదు నుంచి ఎనిమిది డాలర్లలోపే. కొన్ని కొట్లలో నగదే తీసుకుంటారు, కొంచెం చిల్లర ఉంచుకోండి. బల్ల మీద టిష్యూ ప్యాకెట్ ఒంటరిగా కనిపిస్తే ఆ సీటు ఎవరో పట్టుకున్నట్టు లెక్క. మావాడు ఆ ప్యాకెట్ విప్పి, చేతులు తుడుచుకుని దర్జాగా కూర్చున్నాడు. కాసేపటికి ఒక ముసలావిడ ట్రే పట్టుకుని వచ్చి ఆ ప్యాకెట్ వైపూ వీడి వైపూ మార్చి మార్చి చూస్తుంటే, "ఏటి ఈ పెద్దమ్మ నన్ను అలా చూస్తంది?" అని మమ్మల్నే అడిగాడు. తిన్నాక ట్రే మీరే తీసుకెళ్లి పెట్టాలి, వదిలేస్తే జరిమానా దాకా వెళ్తుంది.

ఎదురుగానే సింగపూర్ సిటీ గ్యాలరీ. ఉచితం, చల్లటి ఏసీ, నగరం మొత్తాన్ని బుల్లి బుల్లి భవనాలతో పేర్చిన పెద్ద నమూనా ఉంటుంది, సాయంత్రం ఎటు నడవాలో దాని మీదే చూసుకోవచ్చు. ఆదివారం మూసేస్తారు. దగ్గర్లోనే బుద్ధుడి దంతం పేరుతో ఉన్న పెద్ద గుడి, అదీ ఉచితమే, నిక్కర్లతో వెళ్లకండి. ఈ రెండింట్లో నాలుగున్నర దాకా కాలక్షేపం చేశారంటే టాక్సీ ఖర్చూ, కాఫీ ఖర్చూ రెండూ మిగిలినట్టే.

ఎండ తగ్గాక సింహం తల, చేప ఒళ్లు ఉన్న మెర్లయన్ బొమ్మ దగ్గరికి నడిచి, అక్కడి నుంచి నీటి ఒడ్డునే చుట్టూ తిరిగి, హెలిక్స్ వంతెన దాటి మరీనా బే శాండ్స్ వైపు వెళ్లండి. ఆ హోటల్ పైకప్పు ఎక్కడానికి పెట్టే డబ్బులు నా దృష్టిలో దండగ, కింద నుంచే బాగుంటుంది. వెనక గార్డెన్స్ బై ద బే తోటలో సూపర్‌ట్రీలు, అంటే చెట్ల ఆకారంలో కట్టిన టవర్లు ఉన్నాయి, 25 నుంచి 50 మీటర్ల ఎత్తు, రాత్రి 7:45కి ఒకసారి, 8:45కి ఒకసారి పాటలతో లైట్ల షో వేస్తారు, ఉచితంగానే. నిలబడి చూస్తే మెడ పట్టేస్తుంది, అందరూ నేల మీదే పడుకుంటారు, మీరూ పడుకోండి. మొదటి షో చూసి వెనక్కి వస్తే 9 గంటలకి శాండ్స్ ముందు నీళ్ల మీద ఇంకో లైట్ల షో అందుతుంది. ఒక్కదానికైనా డబ్బులు పెడదాం అంటారా, అదే తోటలో క్లౌడ్ ఫారెస్ట్ అనే గాజు భవనం చూడండి, కొండంత జలపాతం లోపలే ఉంటుంది.

కుళాయి నీళ్లు తాగొచ్చు, బాటిళ్లు నింపుకుంటే చాలు. కానీ మెట్రోలో తిండీ, నీళ్లూ రెండూ నిషేధం, 500 డాలర్ల దాకా జరిమానా. రాత్రి పదిన్నర తర్వాత రోడ్డు మీద మందు తాగకూడదు, లిటిల్ ఇండియాలో శని, ఆదివారాలైతే పగలు కూడా తాగకూడదు. వేప్ (ఈ-సిగరెట్) ఎవడి జేబులోనైనా ఉంటే ఇంట్లోనే వదిలేయమనండి, అక్కడ అది నేరం.

శాండ్స్ దగ్గరే ఉన్న బేఫ్రంట్ స్టేషన్‌లో ఎక్కితే రైలు మారకుండా లిటిల్ ఇండియాకి వచ్చేస్తారు. ఇంటికి చాక్లెట్లు కావాలంటే అక్కడి ముస్తఫా అనే పెద్ద షాపు అర్ధరాత్రి దాటినా తెరిచే ఉంటుంది, కానీ కొనే ముందు మీ టికెట్‌లో బ్యాగేజీ ఎన్ని కిలోలో చూసుకోండి, చవక టికెట్లలో చాలావరకు చేతి సంచికే అనుమతి.