నదిని ఇరుకు చేస్తే పడవదారి లోతవుతుందా?

ప్రశ్న: అమెరికాలో ఎగువ మిసిసిపి నది పాత పటాల్లో రెండు ఒడ్డుల నుంచీ దువ్వెన పళ్లలా గీతలుంటాయి. వాటి పక్కన ‘వింగ్ డ్యామ్’ (ఒడ్డు నుంచి నదిలోకి కట్టిన గట్టు) అని రాసి ఉంటుంది. ఇలా నదిని ఇరుకు చేస్తే వడి పెరిగి పడవలకు ఇబ్బంది కాదా? వాటిని దేనితో కట్టారు?

జవాబు: వడి పెంచడానికే వాటిని కట్టారు. అక్కడ నది బాగా వెడల్పు. నీరు తగ్గిన రోజుల్లో ఇసుక మేటల మీద కొన్నిచోట్ల మూడడుగుల లోతు కూడా ఉండేది కాదు. 1878లో అమెరికా కాంగ్రెస్ నాలుగున్నర అడుగుల లోతు పడవదారికి అనుమతిచ్చింది. అదే పరిమాణం నీరు ఇరుకు దారిలో వెళ్లాలంటే వేగం పెరగాలి. ఆ వేగానికి అడుగున ఉన్న ఇసుక కదిలిపోతుంది. లోతు పెరిగేకొద్దీ నీటికి చోటు దొరికి వడి మళ్లీ తగ్గుతుంది కాబట్టి మీరనుకునే ఇబ్బంది చాలావరకు తాత్కాలికమే.

కట్టిన తీరు చాలా తెలివైనది. విల్లో చెట్టు కొమ్మలను మోపులు కట్టి, వాటిని చాపలా పేర్చి, పైన రాళ్లు వేసి ముంచేవారు. దాని మీద ఇంకో చాప, మళ్లీ రాళ్లు. కొమ్మల సందుల్లో ఇసుక చేరి గట్టు బిగుస్తుంది. ఎప్పుడూ నీళ్లలోనే ఉన్న కొమ్మ ఏళ్ల తరబడి చెక్కుచెదరదు, గాలి తగిలితే పుచ్చిపోతుంది. అందుకే పై వరస రాయి. ఒడ్డు తిన్నగా ఉన్నచోట గట్టుకూ గట్టుకూ మధ్య దూరం అనుకున్న పడవదారి వెడల్పులో 7లో 5 వంతులు. ప్రవాహం కోసే వంపు ఒడ్డున సగమే.

చెడేది ఎక్కువగా రెండు కొసల దగ్గరే. నది వైపు కొన దగ్గర సుడి తిరిగి గుంట పడితే రాళ్లు అందులోకి జారతాయి. అందుకే అడుగు చాపను గట్టుకంటే వెడల్పుగా పరచాలి. ఒడ్డు వైపు మొదలును మట్టిలోకి లోతుగా దించకపోతే నీరు వెనక నుంచి దారి చేసుకుంటుంది. ఎదుటి ఒడ్డుకు రాతి కట్టడం వేయకపోతే కోత అటు మళ్లుతుంది.

ప్రశ్న: అంత పని జరిగాక మళ్లీ ఆనకట్టలు, లాకులు ఎందుకు?

జవాబు: గట్లు ఉన్న నీటిని ఒకచోటికి చేరుస్తాయి గానీ కొత్త నీటిని తేలేవు. 1907లో లక్ష్యం ఆరడుగులకు, 1930లో తొమ్మిదడుగులకు పెరిగింది. కరువు ఏడాదిలో అంత లోతు రావాలంటే నీటిని నిలబెట్టక తప్పదు. అందుకే 1930లలో మెట్లుమెట్లుగా ఆనకట్టలు కట్టారు. పడవలు ఒక మట్టం నుంచి ఇంకో మట్టానికి దాటడానికి పెట్టిన తలుపుల గదులే లాకులు. వాటిలో చాలావి 110 అడుగుల వెడల్పు, 600 అడుగుల పొడవు. పంపులు అక్కర్లేదు, నీరు తనంతట తానే ఎగువ నుంచి నిండుతుంది, దిగువకు ఖాళీ అవుతుంది. లాకు తలుపులు ఎగువ వైపు కోణంగా మూసుకుంటాయి, నీటి ఒత్తిడే వాటిని బిగిస్తుంది. రెండు వైపులా మట్టం సమానమయ్యాకే తెరవాలి. ఈ ఆనకట్టలు వరదను ఆపేవి కావు. వరదొస్తే గేట్లు పూర్తిగా ఎత్తేస్తారు.

ప్రశ్న: ఆ పాత గట్లు ఇప్పుడేమయ్యాయి?

జవాబు: చాలావరకు జలాశయాల కింద మునిగి అక్కడే ఉన్నాయి. ఒడ్డు నుంచి నది మధ్యకు గీత గీసినట్టు నీటి మీద సుళ్లు కనిపిస్తే కింద గట్టు ఉన్నట్టే. చిన్న పడవల ప్రొపెల్లర్లు విరిగేది అక్కడే. ఎగువకు వెళ్లేటప్పుడు ఎర్ర బోయాలు (దారి చూపే తేలే గుర్తులు) కుడివైపు, పచ్చవి ఎడమవైపు ఉండేలా వాటి మధ్యనే నడపాలి.