వరాలు ఆగిపోయాయా? మా ఇంట్లో రెండు వైపులా చూశాను కాబట్టి చెప్తున్నా

తెలియని భాషల్లో మాట్లాడటం, రోగుల్ని స్వస్థపరచడం లాంటి అద్భుత వరాలు, యేసు పంపిన తొలి బోధకులైన అపొస్తలులతోనే ఆగిపోయాయని మీ పాస్టరు గారు అంటున్నారు, మీ అమ్మగారేమో గాజువాక వైపు స్వస్థత సభలకి వెళ్తున్నారు, ఎవరు కరెక్ట్ అని కదా అడిగారు. ఆగిపోలేదనే నా నమ్మకం. అలాగని మైకు పట్టుకున్న ప్రతివారికీ వరం ఉందని ఒప్పుకోను.

ఆగిపోయాయనేవాళ్లు ఎక్కువగా చూపించేది బైబిల్లో అపొస్తలుడు పౌలు కొరింథు సంఘానికి రాసిన మొదటి పత్రిక, 13వ అధ్యాయం. భాషలు నిలిచిపోతాయి, పూర్ణమైనది వచ్చినప్పుడు పూర్ణం కానిది పోతుంది అని ఉందక్కడ. పూర్ణమైనదంటే బైబిలు పూర్తి కావడమే అంటారు కొందరు. రెండు వచనాలు కిందకి చదవండి, అప్పుడు ముఖాముఖిగా చూస్తాం అని ఉంటుంది, అది ప్రభువు రాకడ గురించి కాక ఇంకేమిటి? ఇంతకంటే గట్టి వాదన 1918లో వార్‌ఫీల్డ్ అనే అమెరికా పండితుడు పెట్టాడు, అద్భుతాలు అపొస్తలులకి దేవుడు వేసిన ముద్ర, వాళ్లతోనే ఆ అవసరం తీరిపోయిందని. ఆలోచించాల్సిన మాటే. కానీ కొరింథులో భాషలు మాట్లాడినవాళ్లు మామూలు విశ్వాసులు కదండీ. పాతకాలపు క్రైస్తవ బిషప్పు అగస్టీను కూడా మొదట్లో అద్భుతాల కాలం అయిపోయిందన్నట్టే రాసి, ముసలితనంలో తన హిప్పో ఊళ్లోనే రెండేళ్లు నిండకుండా డెబ్బై దాకా నమోదయ్యాయని రాశాడు. బాగుపడినవాళ్ల చేత సంగతి రాయించి సంఘంలో అందరి ముందూ చదివించేవాడు. నాకు ఇది చాలా ముఖ్యం అనిపిస్తుంది, ఎందుకంటే పేరూ ఊరూ ఉన్న సాక్ష్యాన్ని ఎవరైనా వెళ్లి అడిగి తెలుసుకోవచ్చు.

మా పుట్టింటివాళ్లు మద్దిలపాలెంలో బాప్టిస్టులు, అత్తవారిది ఈ వరాలు ఇప్పటికీ ఉన్నాయని నమ్మే పెంతెకొస్తు సంఘం. పెళ్లయిన కొత్తలో ఒక శుక్రవారం ఉపవాస ప్రార్థనలో ఒకావిడ లేచి గట్టిగా భాషల్లో మొదలుపెట్టింది. పాస్టరు గారు దగ్గరికెళ్లి, "అమ్మా, దీనికి అర్థం చెప్పేవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని అడిగారు. ఎవరూ పలకలేదు. "అయితే నీకూ దేవుడికీ మధ్య చెప్పుకో తల్లీ" అన్నారు. ఆవిడ కొంగు తల మీదకి లాక్కుని కూర్చుంది, పెదవులు మాత్రం కదులుతూనే ఉన్నాయి. పౌలు అదే కొరింథీ పత్రిక 14వ అధ్యాయంలో పెట్టిన పద్ధతి అచ్చంగా ఇదే. ఆ రోజు నుంచి ఆ సంఘం మీద నాకు గురి కుదిరింది.

ఇంకోవైపు మా పిన్ని. ఆవిడకి ఫిట్స్. బయటి ఊరి నుంచి వచ్చిన ఒక దైవజనుడు సభలో, మాత్ర వేసుకోవడమంటే అవిశ్వాసమే అన్నాడు. పిన్ని మాత్రల స్ట్రిప్పు బియ్యం డబ్బాలో దాచేసి, వేసుకుంటున్నానని ఇంట్లో అబద్ధం చెప్పింది. ఫిట్స్ మాత్రలు ఒక్కసారిగా ఆపేస్తే మళ్లీ ఇంకా గట్టిగా వచ్చే ప్రమాదం ఉంటుంది. వంటింట్లో పొయ్యి పక్కనే పడిపోయింది, నుదురు చిట్లింది, పిల్లలు ఆటోలో కేజీహెచ్ ఆసుపత్రికి తీసుకెళ్లారు. బతికింది, దేవునికి స్తోత్రం. తర్వాత ఆ సభలవాళ్లు వచ్చి విశ్వాసం చాలలేదన్నారు చూడండి, ఆ మాట నేనిప్పటికీ క్షమించలేకపోతున్నాను. పౌలు తన తోటి పనివాడు త్రోఫిమును జబ్బుతో ఉండగానే మిలేతులో వదిలి వెళ్లాడు, తన శిష్యుడు తిమోతిని కడుపు జబ్బుకి కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు. వాళ్లలో ఎవరికి విశ్వాసం తక్కువైంది?

యాకోబు పత్రికలో రోగి సంఘ పెద్దల్ని పిలిపించుకుంటాడు, వాళ్లొచ్చి నూనె రాసి ప్రార్థిస్తారు. మా మామగారికి గుండె ఆపరేషన్ ముందు రోజు మా పెద్దలు అలాగే చేసి, పొద్దున్నే హాస్పిటల్ బయట బెంచీ మీద కూర్చున్నారు. ఆయన కోలుకున్నారు, డాక్టరు చేతిలోనూ దేవుడు పనిచేశాడనే మేం చెప్పుకుంటాం.

కాబట్టి అమ్మగారిని వెళ్లొద్దని గొడవ పెట్టుకోకండి, ఒకసారి మీరూ కూడా వెళ్లండి. సాక్ష్యం చెప్పినవాళ్లు నెల తర్వాత ఎలా ఉన్నారో అక్కడి పెద్దల్ని అడగండి, అడిగితే వాళ్లు విసుక్కుంటున్నారా, వివరంగా చెప్తున్నారా గమనించండి. సమస్తమును పరీక్షించి మేలైనదానిని చేపట్టుడి అని థెస్సలొనీకయులకి రాసింది కూడా పౌలే. మందులు మానేయమని ఎవరైనా అంటే మాత్రం ఇక పరీక్షించేది ఏమీ లేదు, అమ్మగారిని తీసుకుని వెంటనే బయటికి వచ్చేయండి.