మల్లెపూలు ఇప్పుడు కట్టవద్దు

ప్రశ్న: సిస్టర్ గారికి నమస్కారం. మాది చెన్నై, పెరంబూరు. ఇరవై ఆరు రోజుల క్రితం పాప పుట్టింది. మొదటి కాన్పు. మూడో వారంలో ఎడమ రొమ్ములో గడ్డ లేచి చలిజ్వరం వచ్చింది. చీము పట్టిందని ఆరు రోజుల క్రితం కోసి తీశారు. రోజూ కట్టు మార్పించుకుంటున్నాను. నిన్న కోసిన చోటు నుంచి పాలు కారడం చూసి భయం వేసింది. పాలు విషమయ్యాయని, మల్లెపూలు కట్టి ఎండగట్టాలని అత్తయ్య అంటున్నారు. రెండు రోజులుగా పాపకు డబ్బా పాలే పడుతున్నాం. ఇప్పుడు కుడి రొమ్ము కూడా రాయిలా అయింది. ఏం చేయాలి?

జవాబు: తల్లీ, మా చిన్నమ్మాయి వయసుదానివి, నువ్వనే రాస్తాను. ముందు పాపను కుడివైపు పట్టుకో, మిగతాది తర్వాత చదువుదువుగాని. ఆ వైపు పాలు నిలిచిపోయాయి. ఎడమవైపు గడ్డ కూడా చాలామందికి ఇలాగే మొదలవుతుంది. గట్టిగా ఉండి చనుమొన పాప నోటికి అందకపోతే, చేత్తో కొద్దిగా పిండి, మెత్తబడ్డాక పట్టు.

పాలు విషం కాలేదు. అవి ఒకే కుండలో నిలవ ఉండేవి కావు. రొమ్ములో పదిహేను ఇరవై భాగాలుంటాయి, ఒక్కొక్కదాని నుంచి సన్నని గొట్టం చనుమొనకు వస్తుంది. చీము గూడు కట్టింది ఒక మూలన. కోసినప్పుడు ఒకటో రెండో గొట్టాలు తెగితే కొన్నాళ్లు ఆ దారిన పాలు కారుతాయి. గాయం పూడేకొద్దీ సాధారణంగా అదే మూసుకుంటుంది. రేపు కట్టు మార్చేటప్పుడు సర్జన్‌కు చూపించు, అంతే తప్ప దాని కోసం పాలు ఆపనక్కరలేదు.

ఎడమవైపు కోత చనుమొనకు దూరంగా ఉండి, పాప నోరు కట్టుకు తగలకుండా ఉంటే ఆ వైపూ పట్టవచ్చు. దగ్గరగా ఉంటే మానేదాకా చేత్తో పిండి ఉగ్గుగిన్నెతో పట్టు. మన చెన్నైలో ఏ మందుల దుకాణంలోనైనా పాలాడై అని అడిగితే ఇస్తారు. సీసా కొనవద్దు. పాప తాగేంత తీస్తే చాలు. పూర్తిగా ఖాళీ చేయాలని పదేపదే పిండితే పాలు ఇంకా ఎక్కువ ఊరి మళ్లీ బిగుస్తుంది. వేడి కాపడం, నూనె పెట్టి గట్టిగా పిసకడం రెండూ వద్దు, వాపు పెరుగుతుంది. పాలిచ్చాక చల్లని తడిగుడ్డ పది నిమిషాలు వేసుకో.

అత్తయ్య చెప్పిన మల్లెపూల మాట వట్టిది కాదు. బిడ్డ దక్కని తల్లి ఎద పొంగి విలవిల్లాడుతుంటే, మూర మల్లెపూలు పెట్టి పైన గుడ్డ చుట్టడం మా వార్డులో ఎన్నోసార్లు చూశాను. వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వైద్యులు దీన్ని పరీక్షించి 1988లో ప్రచురించారు. పాలు తగ్గించే మాత్రతో పోల్చి చూస్తే పూలూ పనిచేశాయి. పనిచేస్తాయి కనుకనే నీకు వద్దంటున్నాను. నీ పాప నీ ఒళ్లో ఉంది. ఆవిడ చూసిందే చెప్పారు, కోపం తెచ్చుకోకు. ఈ పేజీ ఆవిడకూ చదివి వినిపించు.

1987లో మా పెద్దబ్బాయి పుట్టినప్పుడు నాకూ ఇలాగే కోశారు. అప్పటికే నేను నర్సును. అయినా కాన్పయిన ఆసుపత్రిలో పాలు మానమంటే మానేశాను. పది రోజుల్లో రెండు వైపులా ఎండిపోయాయి. వాడికి సీసా పాలు పట్టి, ఆ ఏడాది విరేచనాలతో మూడుసార్లు ఆసుపత్రికి మోసుకెళ్లాను. ఆ బాధ ఇప్పటికీ తీరలేదు. అందుకే ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ పక్కన పెట్టి ముందు నీకు రాస్తున్నాను.

గాయం లోపలి నుంచి పైకి పూడాలి. అందుకే లోపల గాజుగుడ్డ పెడతారు. పైచర్మం ముందే మూసుకుంటే లోపల మళ్లీ చీము చేరుతుంది. పసుపు, ఆముదం, ఏ ఆకు పసరూ దాని మీద వేయవద్దు. కట్టు మార్చే నొప్పికి, డాక్టరు ఒప్పుకుంటే, అరగంట ముందు పారాసెటమాల్ వేసుకో. జ్వరం తగ్గిందని యాంటీబయాటిక్ మధ్యలో ఆపవద్దు. ఈ జబ్బుకు సాధారణంగా ఇచ్చేవి పాలిచ్చే తల్లులు వాడదగినవే. అయినా పాలిస్తున్నానని డాక్టరుకు నోటితో చెప్పు. గాయం మానాక కూడా కొన్ని వారాలపాటు గడ్డ చేతికి తగులుతూ ఉంటే తప్పకుండా స్కానింగ్ చేయించుకో.

బాలింతకు నీళ్లు తగ్గించడం, మిరియాల చారు అన్నంతో సరిపెట్టడం మన ఇళ్లలో ఇంకా ఉంది. కోత మానాలంటే పప్పు, గుడ్డు, చేప, ఆకుకూర కావాలి. ఈ ఊరి ఉక్కలో దాహమైనప్పుడల్లా నీళ్లు తాగు.

జ్వరం 100.4 డిగ్రీలు దాటినా, ఎరుపు పాకుతున్నా, వణుకు, గుండెదడ వచ్చినా తెల్లవారేదాకా ఆగకు. కోసిన ఆసుపత్రి మూసి ఉంటే సెంట్రల్ రైల్వే స్టేషన్ ఎదురుగా ఉన్న ప్రభుత్వ జనరల్ ఆసుపత్రికి వెళ్లు, 108కి ఫోను చెయ్యి. ఇంకొక మాట. రెండు వారాలకు మించి నీకు ఏడుపు ఆగకపోయినా, పాపను చూడబుద్ధి కాకపోయినా అది నీ తప్పు కాదు, దానికి వైద్యం ఉంది. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే ఫోను సేవ టెలీమానస్ 14416కు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

ప్రశ్న: మా అమ్మాయికి పెళ్లికి ముందు రొమ్ములో చిన్న గడ్డ తీశారు, క్యాన్సర్ కాదన్నారు. ఇప్పుడు ఏడో నెల. పాలు పడతాయా? – ఒక తల్లి, అంబత్తూరు

జవాబు: చాలామందికి పడతాయమ్మా. చిన్న గడ్డతో పాటు కొద్దిపాటి కండే పోతుంది, మిగతా రొమ్ము పాలిస్తుంది. చనుమొన చుట్టూ ఉండే నల్లని వలయం అంచున కోసి ఉంటే కొన్ని గొట్టాలు తెగి ఆ వైపు పాలు తక్కువ కావచ్చు. పాత ఆపరేషన్ కాగితాలు కాన్పు డాక్టరుకు ఇప్పుడే చూపించండి. పుట్టిన గంటలోపు బిడ్డను రొమ్ముకు పట్టించండి. అయిదో రోజు నుంచి తడిసిన గుడ్డలు లెక్కపెట్టండి. రోజుకు ఆరుకు తగ్గినా, రెండు వారాలకు పుట్టినప్పటి బరువుకు చేరకపోయినా ఆ రోజే పిల్లల డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి.