"పెద్దదానివి కదా" అన్న మాట ఈ డిసెంబరులో వద్దు

ప్రశ్న: అమ్మగారికి వందనాలు. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. ప్రైవేటు స్కూల్లో టీచర్ని. మావారు కువైట్‌లో డ్రైవరు, ఈ ఏడాదీ పండక్కి రావడం లేదు. అత్తయ్య మాతోనే ఉంటారు. ఇద్దరు ఆడపిల్లలు. పెద్దపాపకు ఎనిమిదేళ్లు, చిన్నదానికి నాలుగు.

నిరుడు డిసెంబరు 24 సాయంత్రం మా చర్చిలో సండే స్కూల్ పిల్లల ప్రోగ్రాం. పెద్దపాప దేవదూత. అట్టకు వెండి కాగితం అంటించి, మూడు రోజులు కూర్చుని రెక్కలు తనే చేసుకుంది. తీరా వేషం వేసే వేళకు చిన్నది వాటి మీదికెక్కి తొక్కింది. ఒక రెక్క విరిగిపోయింది. పెద్దది దాన్ని తోసేసింది. చిన్నదాని పెదవి చిట్లి రక్తం వచ్చింది. అంతకుముందు రాత్రి ఇంటింటికీ పాటలు పాడుతూ వచ్చే క్యారల్ రౌండ్సు వాళ్లు మా ఇంటికి వచ్చేసరికి ఒంటిగంట. పొద్దున్నుంచి పిండివంటలు, దిద్దాల్సిన హాఫ్ ఇయర్లీ పేపర్లు. నాకు ఒళ్లు తెలియలేదు. అందరి ముందూ పెద్దదాని చెంప మీద కొట్టి, "పెద్దదానివి కదా, బుద్ధుండక్కర్లేదా" అన్నాను. అది ఒంటి రెక్కతోనే స్టేజీ ఎక్కింది. చెప్పాల్సింది "భయపడకుడి" అన్న ఒక్క మాట. నోరు పెగల్లేదు.

ఈ ఏడాది స్టార్ కడదాం రమ్మంటే "నువ్వూ చెల్లీ కట్టుకోండి" అంటోంది. ప్రోగ్రాంకి పేరు ఇవ్వనంది. మొన్న "శాంటా తాత నిజంగా ఉన్నాడా, గిఫ్టులు నువ్వే పెడతావా" అని నిలదీసింది. బట్టల విషయం కూడా టెన్షన్‌గానే ఉంది. చిన్నదానికి అక్క పాత గౌన్లు సరిపోతాయి, ఇద్దరికీ కొత్తవి కొనాలంటే చేతిలో డబ్బు చాలదు. ఈ పండగ ఎలా గట్టెక్కాలో చెప్పండి.

— ఒక తల్లి, తెనాలి దగ్గర నుంచి

జవాబు: తల్లీ, నా చిన్నకూతురి ఈడు దానిలా ఉన్నావు, నువ్వు అనే పిలుస్తాను. నీ ఉత్తరం రాత్రి చదివి, పొద్దున్నే మళ్లీ చదివాను. రెండుసార్లూ ఆ ఒంటి రెక్క దగ్గరే ఆగిపోయాను.

స్టార్ సంగతి, గౌన్ల సంగతి తర్వాత చూద్దాం. ముందు పెద్దపాపను క్షమించమని అడుగు. ఏడాదయింది, మర్చిపోయి ఉంటుందిలే అనుకోకు. మర్చిపోతే "నువ్వూ చెల్లీ కట్టుకోండి" అనదు. చిన్నది నిద్రపోయాక పక్కన కూర్చుని చెప్పు: "నిరుడు అందరి ముందూ నిన్ను కొట్టాను. అది నా తప్పు. మూడు రోజులు కష్టపడి చేసుకున్న రెక్క విరిగితే నీకెంత బాధేసిందో నేను అడగనే లేదు." అక్కడితో ఆపు. "నువ్వు మాత్రం చెల్లిని తొయ్యొచ్చా" అని చివర తోక తగిలించకు. ఆ తోక ఉంటే దానికి తోకే వినపడుతుంది. అది ఏమీ అనకుండా గోడవైపు తిరిగి పడుకోవచ్చు. పడుకోనీ. పిల్లల్ని క్షమాపణ అడిగితే నెత్తికెక్కుతారని కొందరు భయపెడతారు. గుంటూరులో 26 ఏళ్లు సండే స్కూల్ నడిపాను, ఇంట్లో ఇద్దరు ఆడపిల్లల్ని పెంచాను. అలా నెత్తికెక్కిన పిల్ల నాకు ఒక్కతీ కనపడలేదు.

ఇప్పుడు నీ చేత ఒక లెక్క వేయిస్తాను. చిన్నది పుట్టినప్పుడు పెద్దపాపకు ఎన్నేళ్లు? నాలుగు. ఇవాళ చిన్నదాని వయసు అంతే. రెక్క తొక్కినా "పసిది, దానికేం తెలుసు" అని ఊరుకుంటున్నామే, సరిగ్గా ఆ వయసులోనే నీ పెద్దపాప మీ ఇంట్లో "పెద్దది" అయిపోయింది. అప్పటినుంచి ఆ పేరే మోస్తోంది. ఈ నెలంతా "పెద్దదానివి కదా" అన్న మాట నోటిదాకా వచ్చినా మింగెయ్యి. అత్తయ్యగారికి కూడా నెమ్మదిగా చెప్పు. పెద్దవాళ్లకు ఆ మాట అలవాటుగా వచ్చేస్తుంది, పట్టి పట్టి ఆపాలి.

నేను కూడా ఆ మాట అన్నదాన్నే. మావారు రైల్వేలో గార్డు. పండగ రోజుల్లోనే డ్యూటీ పడేది. ఇద్దరు పిల్లలతో నేనొక్కదాన్నే, వచ్చేపోయే బంధువులు, వంటలు. నా కోపం ఎప్పుడూ పెద్దదాని మీదే పడేది, ఎందుకంటే దానికి మాట అర్థమవుతుంది కాబట్టి. దానికిప్పుడు 43 ఏళ్లు. మొన్న వేసవిలో వచ్చినప్పుడు, చిన్నప్పటి క్రిస్మస్‌లలో నీకు బాగా గుర్తున్నది ఏదే అని అడిగాను. కేకు అంటుందనుకున్నాను, మెదక్ చర్చికి తీసుకెళ్లిన ఏడాది అంటుందనుకున్నాను. అది చెప్పింది వేరు. ఒక క్రిస్మస్ తెల్లవారుజామున ఆరాధనకు తయారవుతుంటే కరెంటు పోయిందట. చెల్లి ఇంకా లేవలేదట. నేను లాంతరు పక్కన కూర్చోబెట్టి దానికి రెండు జడలు వేశానట. చన్నీళ్లలో తడిసిన నా చేతులు మెడకు తగిలి ఒళ్లు జలదరించిందట. "అప్పుడు మనిద్దరమే ఉన్నామమ్మా" అంది. ఆ పొద్దు నాకు గుర్తే లేదు. ముప్పై అయిదేళ్లుగా దానికి గుర్తుంది.

అందుకే ఈ డిసెంబరులో ఒక సాయంత్రం నువ్వూ పెద్దపాపా మాత్రమే ఉండేలా చూసుకో. చిన్నదాన్ని అత్తయ్యగారితో పక్కింటికో మీ మరిది ఇంటికో పంపు. ఇద్దరూ కలిసి గులాబీ పువ్వులు చెయ్యండి. ఆ వంట ఇద్దరికి సరిగ్గా సరిపోతుంది. మైదా, కాస్త బియ్యప్పిండి, పంచదార, కొబ్బరిపాలు, గుడ్డు వేసి పిండి కలపడం పాప పని. గరిటజారుగా రావాలి, ఉండ కనిపించకూడదు. నూనె దగ్గర నువ్వుండు, పాపను స్టవ్వుకు బారెడు దూరంలో కూర్చోబెట్టు. అచ్చును ముందు నూనెలోనే ఉంచి బాగా కాగనివ్వాలి. చాలినంత కాగకపోతే పిండి దానికి అంటదు. కాగిన అచ్చును పిండిలో ముప్పాతిక వంతే ముంచాలి. పైఅంచు కూడా మునిగితే పువ్వు అచ్చును పట్టుకుని ఊడి రాదు. ముంచేటప్పుడు "చాలు" అని చెప్పే పని పాపకే ఇవ్వు. తిరిగి నూనెలో పెట్టి కాస్త కదిపితే పువ్వు విడిపోయి తేలుతుంది. అది విడిపోయే ఆ క్షణాన్ని పిల్లలు ఊపిరి బిగబట్టి చూస్తారు. మొదటి రెండు మూడు విరుగుతాయి. వాటిని డబ్బాలో వెయ్యకుండా అక్కడే కూర్చుని ఇద్దరూ తినెయ్యండి. ఆ సాయంత్రం చదువు గురించి, చెల్లి గురించి మాటెత్తకు. అది మాట్లాడితే విను, లేకపోతే ఊరికే ఉండు.

ఇంత తీరిక ఎక్కడిదంటావేమో. మిగతా పనులు కోసెయ్యి. నీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా ముందు కనపడింది ఆ ఒంటిగంట రాత్రి. నిద్రలేని తల్లి, నిద్రలేని ఇద్దరు పిల్లలు, పొద్దున్నుంచి పొయ్యి దగ్గర నిలబడ్డ కాళ్లు. రెక్క విరగకపోయినా ఆ సాయంత్రం ఇంకేదో విరిగేది. క్యారల్ రౌండ్సు వద్దనకు, ఆ డప్పు వీధి మలుపులో వినపడితే చాలు, నాకు ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది. కానీ చిన్నపిల్లలున్న ఇళ్లకు ముందు రమ్మని చర్చి యూత్ వాళ్లతో, పాస్టరు అయ్యగారితో ఇప్పుడే చెప్పిపెట్టు. ఏ వీధి ముందు, ఏ వీధి వెనక అన్నది వాళ్లు వేసుకునే వరసే కదా, మార్చుకోగలరు. అరిసెల పాకం అత్తయ్యగారికి వదిలెయ్. ఉండపాకం ఎప్పుడు వచ్చిందో నీళ్ల గిన్నెలో చుక్క వేసి ఆమె చెప్పినట్టు నువ్వూ నేనూ చెప్పలేం. ఆ పెద్దరికం ఆమెకిస్తే మిగతావి ఎందుకు చెయ్యలేదని అడగరు. జంతికలు బయట కొను. పండక్కి ముందే జరిపే సెమీ క్రిస్మస్‌లు ఎన్ని జరిగినా మీ స్కూలుదీ మీ చర్చిదీ చాలు. 24 మధ్యాహ్నం ఇద్దరినీ పడుకోబెట్టు, నువ్వూ గంటసేపు నడుం వాల్చు. ప్రోగ్రాంకి బయలుదేరే ముందు ఇద్దరికీ పెరుగన్నం పెట్టు. కేకు ముక్క తిని వెళ్లిన పిల్లలు ఏడింటికల్లా ఏడుపు అందుకుంటారు.

ప్రోగ్రాంలో పేరు ఇమ్మని పెద్దపాపను బలవంతపెట్టకు. వాళ్ల సండే స్కూల్ టీచరుతో ఒక మాట మాత్రం చెప్పు: చివరి వారంలో వస్తానన్నా చోటు ఉంచమని. చోటుకేం కరువు లేదు. లూకా సువార్తలో గొర్రెల కాపరుల దగ్గరికి ముందు ఒక దూత, ఆ వెంటనే పరలోక సైన్య సమూహం వచ్చింది. ఎంతమంది పిల్లలనైనా దూతల్ని చెయ్యొచ్చు. మత్తయి సువార్తలో జ్ఞానులు ముగ్గురని ఎక్కడా లేదు. బంగారం, సాంబ్రాణి, బోళం అని కానుకలు మూడున్నాయి కాబట్టి మనమే ముగ్గురని లెక్కేసుకున్నాం. నేను ఒక ఏడాది ఏడుగురు జ్ఞానుల్ని నడిపించాను, అయ్యగారు ఏమీ అనలేదు. చిన్నదాన్ని మాత్రం గొర్రెపిల్లను చెయ్యి. పాత బనియనుకు దూది అంటిస్తే అయిపోతుంది. తనకంటూ ఒక వేషం ఉన్న పిల్ల అక్క వేషం మీదికి పోదు.

ఇంకో ముఖ్యమైన పని. బీరువా పైన ఒక అట్టపెట్టె పెట్టి, అది పెద్దపాపదని ఇంట్లో అందరికీ చెప్పు. చిన్నది ఎంత ఏడ్చినా అందులోది తీసివ్వకు. "చెల్లి కదా, ఇచ్చెయ్" అని దాని వస్తువు దాని చేతుల్లోంచి మనమే లాగితే, ఆ పిల్ల తన వస్తువును తానే కాచుకోవాల్సి వస్తుంది. నిరుడు జరిగింది అదే. నువ్వు కాస్తావని తెలిస్తే తొయ్యదు.

శాంటా తాత గురించి నిజం చెప్పెయ్. ఎనిమిదేళ్ల పిల్ల నిలదీసి అడిగిందంటే సగం తెలుసుకునే అడిగింది. నికొలాస్ అనే ఆయన ఉండేవాడని చెప్పు. 4వ శతాబ్దంలో, ఇప్పటి టర్కీలో ఉన్న మైరా అనే ఊళ్లో బిషప్పు. డిసెంబరు 6 ఆయన పేరిట పండగ. ఆయన గురించి తరతరాలుగా చెప్పుకునే కథ ఒకటుంది. ముగ్గురు ఆడపిల్లలున్న ఒక తండ్రి కట్నాలు ఇవ్వలేక కుమిలిపోతుంటే, ఆయన రాత్రిపూట ఎవరికీ తెలియకుండా వాళ్ల కిటికీలోంచి బంగారం మూట పడేసేవాడట. మన ఇళ్లలో ఈ కథ విడమరిచి చెప్పనక్కర్లేదు, ఆడపిల్లలకు ఇట్టే అర్థమవుతుంది. కథయ్యాక, "చెల్లి దిండు కింద ఈసారి గిఫ్టు నువ్వు పెడతావా" అని అడిగి చూడు. ఇష్టమైతేనే. వద్దంటే నువ్వే పెట్టు, మళ్లీ అదొక బరువు చెయ్యకు.

గౌన్లు రెడీమేడ్ కొనకు. ఒకే తానులోంచి ఇద్దరికీ గుడ్డ తీసుకో, చిన్నదానికి పట్టేది తక్కువే. డిసెంబరు మొదటి వారంలోనే టైలర్‌కి ఇచ్చెయ్, ఆ తర్వాత ఎవరూ పట్టుకోరు. మెడ దగ్గర ఏ మోడల్ కావాలో పెద్దపాపనే టైలర్‌కి చెప్పనివ్వు.

25 పొద్దున ఆరాధన అయి ఇంటికొచ్చేసరికి ఏడున్నర అవుతుందేమో. కువైట్ మనకన్నా రెండున్నర గంటలు వెనక, మీ ఆయనకు అయిదు. డ్యూటీకి బయలుదేరేలోపు ఫోన్ చెయ్యండి. ఫోన్ ముందు పెద్దపాప చేతికిచ్చి, పది నిమిషాలు వాళ్ల నాన్నతో దాన్ని ఒక్కదాన్నే మాట్లాడుకోనివ్వు. నిరుటి సంగతి చెబితే చెప్పనీ. ఆ కాసేపూ చిన్నదాన్ని నువ్వు ఎత్తుకుని, మేడ మీద స్టార్ చూపిస్తూ ఉండు.